శాంతి పద్దులో అడవికి చోటేది?

యుద్ధమనగా రెండు రాజ్యముల సైన్యములు సరిహద్దున తలపడుట మాత్రమే కాదు. స్వదేశముననే సాయుధమైన పోరు సాగినపుడు నోరులేని అడవియు దాని వాత పడును. ఆ నష్టమును పూడ్చనిదే శాంతి సంపూర్ణము కాదని మా దృఢాభిప్రాయము.

అస్సాములో భూటాను సరిహద్దుననున్న మానస్ అరణ్యమునే చూడుడు. 1973లో పులుల రక్షణకై మొదట ఎన్నుకొనబడిన తొమ్మిది అరణ్యములలో అదియొకటి. 1985లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగ గుర్తించెను. అటుపిమ్మట ఆ ప్రాంతమున సాయుధ సంఘర్షణ చెలరేగెను. కావలి ఠాణాలు దగ్ధమయ్యెను; వనరక్షకులు కొందరు ప్రాణములు గోల్పోయిరి. కాపలా లేని అడవిలో వేటగాండ్రు యథేచ్ఛగ తిరిగిరి. అచ్చటి ఖడ్గమృగములలో ఒక్కటియు మిగులలేదు. 1992లో యునెస్కో ఆ వనమును ప్రమాదస్థితిలోనున్న స్థలముల పట్టికలో చేర్చెను.

“మనుష్యులకే కూడు లేనపుడు మృగముల మాట యేల?” అనువారు కలరు. అడవి చెడిన పిదప నీటికిని వంటచెరకునకును మొదట కటకటపడునది బీదవాడే యని వారెరుగరు. గ్రామస్థులను తరిమి, తుపాకులతో కాపలా పెట్టిన చాలునని మరికొందరి వాదము. అదియు నిలువదు. 2003లో ఒడంబడిక కుదిరిన పిమ్మట మానస్‌ను నిలబెట్టుటకు పూనుకొన్నవారిలో సమీప గ్రామముల యువకులు ముఖ్యులు. పూర్వము వేటాడినవారిలోనే కొందరు ఆయుధములు విడిచి ఆ అడవికి కావలివారైరి. 2008 మొదలు 2012 వరకు పొబితొర, కాజీరంగలనుండి 18 ఖడ్గమృగములను తెచ్చి విడిచిరి. వానిలో కొన్ని మరల వేటగాండ్ర పాలయ్యెను. అయినను పని ఆగలేదు. 2011లో యునెస్కో ప్రమాద పట్టికనుండి మానస్ పేరును తొలగించెను.

“ఎక్కడి అస్సాము, ఎక్కడి మనము?” అని మన కుటుంబములవారు అనరాదు. తరతరములుగ పరభాషల నడుమ బ్రదుకుచున్న మనకు, ఇరుగుపొరుగులను కాదని చేసిన మేలు నిలువదని తెలియదా?

లెక్కల పుస్తకములతో జీవితము గడిపిన మేము ఒక్కమాట చెప్పెదము. కూలిన వంతెనకును కాలిన పాఠశాలకును పద్దు వ్రాయుదురు. కాలిన అడవికి వ్రాయుట అరుదు. ఇకమీదట సంధి కుదిరిననాడే అడవికి ప్రత్యేకముగ ధనము కేటాయింపవలయును. స్థానికులనే కావలికి నియమింపవలయును. వారి జీతము నెలనెలా చేతికందవలయును. ఖడ్గమృగము ఒక్క పిల్లను మోయుటకే సుమారు 16 మాసములు పట్టును. కార్యాలయములలో కాగితములు కదలువరకు అడవి వేచియుండజాలదు.