మెదడు నరాలకు మళ్లీ ‘తొడుగు’ వేసే స్విచ్ దొరికింది.. మరి మందు ఎందుకు రాలేదు?

కరెంట్ వైరుపై ప్లాస్టిక్ తొడుగు ఊడిపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు. మెదడులోని నరాల పోగులకూ అలాంటి తొడుగే ఉంటుంది. దాని పేరు మైలిన్. మల్టిపుల్ స్క్లెరోసిస్.. అంటే ఎంఎస్ జబ్బులో సొంత ఇమ్యూనిటీయే ఈ తొడుగుపై దాడి చేస్తుంది. చూపు మసకబారడం, కాళ్లు తిమ్మిరెక్కడం, నడక తడబడటం దాని ఫలితమే. ఇప్పుడున్న మందులు ఈ దాడులను తగ్గిస్తాయి. ఊడిన తొడుగును మళ్లీ వేసే మందు మాత్రం ఇంకా వాడకంలోకి రాలేదు. ఎందుకు?

పనివాళ్లున్నారు.. పనే ఆగిపోతోంది!

మైలిన్‌ను తయారుచేసేవి ఒలిగోడెండ్రోసైట్లు అనే కణాలు. పెద్దవాళ్ల మెదడులోనూ వీటి ‘పిల్ల కణాలు’ ఉంటాయి. దెబ్బ తగిలిన చోటుకు చేరుకుంటాయి కూడా. కానీ చాలాసార్లు పూర్తిగా ఎదగకుండా మధ్యలోనే ఆగిపోతాయి. వయసు పెరిగేకొద్దీ ఈ సమస్య ఇంకా ఎక్కువ.

ఈ ఎదుగుదలను నడిపించే వాటిలో న్యూక్లియర్ రిసెప్టర్లు ముఖ్యమైనవి. ఇవి కణం లోపల ఉండే ప్రొటీన్లు. థైరాయిడ్ హార్మోన్, విటమిన్ ఎ, డి నుంచి తయారయ్యే పదార్థాలు వచ్చి అతుక్కుంటే చాలు.. ఏ జీన్ ఆన్ కావాలో, ఏది ఆఫ్ కావాలో ఇవే తేలుస్తాయి.

2011లో కేంబ్రిడ్జ్, ఎడిన్‌బరో పరిశోధకులు వీటిలో ఆర్‌ఎక్స్‌ఆర్ గామా అనే రిసెప్టర్‌ను గుర్తించారు. అది లేని చిట్టెలుకల్లో పిల్ల కణాల ఎదుగుదల మందగించింది. దాన్ని ఆన్ చేసే విటమిన్ ఎ రకం పదార్థం ఇస్తే, ముసలి ఎలుకల్లోనూ మైలిన్ మళ్లీ ఏర్పడటం పెరిగింది.

మనుషులపై ట్రయల్‌లో ఏం తేలింది?

ఈ స్విచ్‌ను నొక్కే మందు అప్పటికే ఉంది. అదే బెక్సరోటిన్. ఒక రకం చర్మపు లింఫోమా క్యాన్సర్‌కు 1999లోనే అమెరికాలో అనుమతి పొందింది. బ్రిటన్‌లో 52 మంది ఎంఎస్ పేషెంట్లపై ట్రయల్ చేశారు. సగం మందికి ఈ మందు, సగం మందికి ఉత్తుత్తి మాత్ర.. ఆరు నెలల పాటు ఇచ్చారు. 2021లో ఫలితాలు ‘లాన్సెట్ న్యూరాలజీ’లో వచ్చాయి.

ఎంఆర్ఐ స్కాన్ ఆధారంగా పెట్టుకున్న ప్రధాన టార్గెట్ అందలేదు. అయితే కంటి నుంచి మెదడుకు సిగ్నల్ వెళ్లే వేగం మెరుగైనట్టు మరో పరీక్షలో కనిపించింది. అంటే తొడుగు కొంతమేర తిరిగి పడుతోందన్న సంకేతం.

అసలు చిక్కు ఇక్కడే

బెక్సరోటిన్ తీసుకున్న ప్రతి ఒక్కరిలోనూ థైరాయిడ్ హార్మోన్ తగ్గిపోయింది. దాదాపు అందరిలోనూ రక్తంలో ట్రైగ్లిజరైడ్ కొవ్వులు పెరిగాయి. కారణం సింపుల్. ఆర్‌ఎక్స్‌ఆర్ కుటుంబం మెదడులోనే కాదు, కాలేయం, పిట్యూటరీ గ్రంథి లాంటి చోట్లా పనిచేస్తుంది. ఈ మందు గామా ఒక్కదాన్నే కాదు, మూడు రకాలనూ తట్టిలేపుతుంది. ఒక గదిలో లైట్ వేయబోతే ఇల్లంతా వెలిగినట్టు!

పైగా మైలిన్ కణాలు ఎదగడానికి థైరాయిడ్ హార్మోన్ కూడా అవసరమే. అంటే ఒక చేత్తో ఇస్తూ మరో చేత్తో లాక్కున్నట్టు. ఎంఎస్‌కు ఈ మందుపై ఇక ట్రయల్స్ వద్దని పరిశోధకులే చెప్పేశారు.

మరి ఇది ఫెయిల్యూరేనా?

మందు ఫెయిలైంది, ఐడియా కాదు. మనిషి మెదడులోనూ ఈ రిపేర్‌ను కదిలించొచ్చన్న ఆశ నిలిచింది. మిగతా అవయవాలను కదపకుండా గామాను మాత్రమే తాకే మందు ఇప్పుడు కావాలి.

మరోవైపు కేంబ్రిడ్జ్ టీమ్ వేరే దారిలోనూ వెళ్లింది. షుగర్ మందు మెట్‌ఫార్మిన్, అలర్జీ మందు క్లెమాస్టిన్ కలిపి ఇచ్చిన ట్రయల్ వివరాలను 2025 సెప్టెంబర్‌లో బార్సిలోనా సదస్సులో వెల్లడించింది. అక్కడా సిగ్నల్ వేగం స్వల్పంగానే మెరుగైంది.

మెట్‌ఫార్మిన్ ఇంట్లోనే ఉంది కదా అని, విటమిన్ ఎ మంచిదే కదా అని సొంతంగా మొదలుపెట్టడం మాత్రం ప్రమాదం. విటమిన్ ఎ మోతాదు మించితే కాలేయానికే ముప్పు. ఎంఎస్ ఉన్నవాళ్లు ప్రస్తుతం వాడుతున్న మందులను డాక్టర్ చెప్పకుండా ఆపొద్దు. రిపేర్ మందు వచ్చేదాకా, కొత్త దాడులను అడ్డుకోవడమే చేతిలో ఉన్న మార్గం.