గ్రీన్‌కార్డు సంగతి తేల్చేది కాంగ్రెసే

2019 జులై 10న అమెరికా ప్రతినిధుల సభ ఒక బిల్లును ఆమోదించింది. అనుకూలంగా 365 ఓట్లు, వ్యతిరేకంగా 65. ఉద్యోగాల కోటాలో ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ ఏడు శాతానికి మించి దక్కకూడదన్న పరిమితిని ఎత్తేయడం దాని ఉద్దేశం. మరుసటి ఏడాది డిసెంబరు 2న సెనేట్ కూడా అదే లక్ష్యంతో తన బిల్లును ఏకగ్రీవంగా ఆమోదించింది. రెండు సభలూ సరేనన్నాయి. అయినా చట్టం రాలేదు. సెనేట్ తన బిల్లులో కొత్త షరతులు చేర్చింది. రెండు సభలూ అక్షరం పొల్లుపోకుండా ఒకే బిల్లును ఆమోదిస్తేనే అది అధ్యక్షుడి సంతకానికి వెళ్తుంది. ఆ తేడాలు తేలకముందే, 2021 జనవరి 3న ఆ రెండు సభలూ కలిసిన కాంగ్రెస్ గడువు ముగిసింది. రెండు బిల్లులూ మురిగిపోయాయి.

ఏళ్ల తరబడి వరుసలో నిలబడ్డ భారతీయుల ఆశ అంత దగ్గరగా వచ్చి, వైట్‌హౌస్ గుమ్మం తొక్కకుండానే ఆగిపోయింది. తెలుగునాట మాత్రం అమెరికా అంటే ఇప్పటికీ అధ్యక్షుడే. ఆయన ఏమన్నాడు, ఏ కాగితం మీద సంతకం పెట్టాడు అన్నదే పొద్దస్తమానం చర్చ. పిల్లల్ని అక్కడికి పంపిన తల్లిదండ్రులైనా, అక్కడే స్థిరపడాలనుకుంటున్న పిల్లలైనా కాంగ్రెస్ వైపు చూసేది తక్కువ. ఈ అలవాటు మారాలి.

1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాసినవారు మొదటి అధికరణాన్ని కాంగ్రెస్‌కు కేటాయించారు. అధ్యక్షుడిది రెండోది, కోర్టులది మూడోది. చట్టాలు చేయడం, పన్నులు వేయడం, ఖజానా నుంచి డబ్బు మంజూరు చేయడం, యుద్ధం ప్రకటించడం కాంగ్రెస్ చేతిలో ఉన్నాయి. చట్టాలను అమలు చేయడం అధ్యక్షుడి బాధ్యత. మన ప్రధాని లోక్‌సభలో మెజారిటీ ఉన్న నాయకుడు కాబట్టి సర్కారు బిల్లు ఓడిపోవడం అరుదు. అమెరికా అధ్యక్షుడు ఏ సభలోనూ సభ్యుడు కాడు, సభను రద్దు చేయలేడు. ఆయన మంత్రివర్గంలో ఉన్నవారెవరూ కాంగ్రెస్ సభ్యులుగా ఉండటానికి వీల్లేదు. రెండు సభల్లోనూ సొంత పార్టీకే మెజారిటీ ఉన్నా గ్యారంటీ లేదు. సెనేట్‌లో చాలా బిల్లులపై చర్చ ముగించడానికే వందలో 60 ఓట్లు కావాలి.

గీత దాటిన అధ్యక్షుడికి ఏమవుతుందో 1952లో హ్యారీ ట్రూమన్‌కు తెలిసొచ్చింది. కొరియా యుద్ధం సాగుతున్న రోజులవి. ఉక్కు కార్మికుల సమ్మె ముంచుకొస్తుంటే, ఆయుధాలకు ఉక్కు ఆగకూడదంటూ ఆయన మిల్లులను స్వాధీనం చేసుకోమని ఉత్తర్వు ఇచ్చారు. కాంగ్రెస్ అలాంటి అధికారం ఇవ్వలేదంటూ సుప్రీంకోర్టు 6–3 తీర్పుతో ఆ ఉత్తర్వును కొట్టేసింది. ట్రూమన్ మిల్లులను యజమానులకు అప్పగించారు. కార్మికులు సమ్మెకు దిగారు.

వలసల విషయంలో అధ్యక్షుడి చేతికి బలం తక్కువేమీ లేదు. వీసాల తనిఖీ బిగించగలడు, దరఖాస్తుదారులకు చుక్కలు చూపించగలడు. 2025 సెప్టెంబరులో ట్రంప్ కొత్త హెచ్‌1బీ ఉద్యోగ వీసా దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించగానే ఎన్ని ఇళ్లలో నిద్ర పట్టలేదో తెలిసిందే. అది కూడా వెంటనే కోర్టుకెక్కింది. హెచ్‌1బీ మీద ఉన్నవారి జీవిత భాగస్వాముల్లో కొందరికి 2015లో పని అనుమతి వచ్చింది ఒబామా ప్రభుత్వం చేసిన నిబంధన వల్ల. ప్రభుత్వం చేసిన నిబంధనను మరో ప్రభుత్వం మార్చగలదు. అందుకే ఆ కుటుంబాలకు ఎన్నిక ఎన్నికకూ గుబులు. హెచ్‌1బీకి ఏటా ఉన్న 65,000, అక్కడ పీజీ చదివినవారికి అదనంగా ఉన్న 20,000 లెక్క మాత్రం చట్టంలోది. దాన్ని ఏ అధ్యక్షుడూ సంతకంతో పెంచలేడు.

గ్రీన్‌కార్డుదీ అదే కథ. 1990 నాటి చట్టం ఉద్యోగాల కోటాకు ఏటా సుమారు 1,40,000 కార్డులు కేటాయించింది. భార్యాభర్తలు, పిల్లలు కూడా అందులోనే. 140 కోట్ల భారత్‌కూ, నాలుగు లక్షల జనాభా కూడా లేని ఐస్‌లాండ్‌కూ పరిమితి ఒకటే, ఏడు శాతం. పైగా చూసేది పౌరసత్వాన్ని కాదు, పుట్టిన దేశాన్ని. ఇది అన్యాయం. దీన్ని సరిదిద్దే అధికారం ఆ చట్టం చేసిన కాంగ్రెస్‌కే ఉంది.

అక్కడి సభ్యుడు తలచుకుంటే ఏం చేయగలడో కాన్సస్‌లో కనిపించింది. 2017 ఫిబ్రవరిలో ఒలేథలో ఒక దుండగుడు హైదరాబాద్‌కు చెందిన ఇంజనీరును జాతి విద్వేషంతో కాల్చి చంపాడు. భర్త పోవడంతో, ఆయన వీసాపై ఆధారపడ్డ భార్యకు ఆ దేశంలో ఉండే హక్కే పోయింది. ఆమెకు అక్కడ ఓటు లేదు. అయినా ఆ నియోజకవర్గ రిపబ్లికన్ సభ్యుడు కెవిన్ యోడర్ కలగజేసుకుని, ఆమె అమెరికాకు తిరిగి వచ్చి పని చేసుకునేందుకు తాత్కాలిక అనుమతి వచ్చేలా సాయపడ్డారు. దేశాలవారీ పరిమితిని ఎత్తేసే బిల్లు బాధ్యతనూ తలకెత్తుకున్నారు.

ప్రతినిధుల సభలోని 435 సీట్లకూ రెండేళ్లకోసారి ఎన్నికలు జరుగుతాయి. అమెరికా పౌరసత్వం వచ్చిన ప్రతి తెలుగు ఓటరూ తన నియోజకవర్గ అభ్యర్థిని ఏడు శాతం పరిమితిపై ఎటువైపో సూటిగా అడగాలి. అక్కడి తెలుగు సంఘాలు తమ మహాసభల వేదిక మీద ఈ ప్రశ్నకు ఒక పూట కేటాయించాలి. ఇక్కడి పత్రికలు కూడా అధ్యక్షుడి ప్రకటనలతో సరిపెట్టకుండా, ఈ పరిమితిపై ఏ సభ్యుడు ఎటు ఓటేశాడో పాఠకులకు చెప్పాలి.