బొమ్మలు సరే, కుళాయిలో నీళ్లేవి?

బడి మరుగుదొడ్ల గోడలకు రంగులు వేసి చిలకలు, చేపలు, పూలతీగలు చిత్రించడం పల్లెల్లో ఇప్పుడు కొత్త సంగతి కాదు. ఏడాదిలోగా అన్ని పాఠశాలల్లోనూ బాలబాలికలకు వేర్వేరు మరుగుదొడ్లు ఉండాలని 2014 ఆగస్టు 15న ప్రధానమంత్రి ఎర్రకోట మీది నుంచి ప్రకటించారు. 2019 జనవరిలో ఇళ్ల మరుగుదొడ్లకు రంగులు వేసి అలంకరించే పోటీని కేంద్ర ప్రభుత్వం పెట్టింది. అదే ఏడాది నవంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 'నాడు-నేడు'లోనూ, 2022లో తెలంగాణలో మొదలైన 'మన ఊరు-మన బడి'లోనూ మరుగుదొడ్లకు, నీటి వసతికి, బడికి రంగులు వేయించడానికి చోటు దక్కింది.

బొమ్మలు వేయించడం మంచిదే. ఒకటో తరగతి పిల్లవాడు చీకటిగా, మాసిపోయి ఉన్న గదిలోకి ఒంటరిగా వెళ్లడానికి జంకుతాడు. వెలుతురు, రంగు ఉంటే ఆ బెరుకు తగ్గుతుంది. అయితే ఆ బొమ్మ ఎవరి కోసం అన్నది ఆలోచించాలి. తనిఖీకి వచ్చే అధికారి చూడడానికీ, ఫొటో తీయించుకోవడానికీ అయితే ఆ ఖర్చు దండగ. పిల్లవాడికి పనికివచ్చే బొమ్మ వేయాలంటే అంతకుముందు జరగవలసిన పనులు కొన్ని ఉన్నాయి.

బంగ్లాదేశ్‌లోని రెండు పల్లె ప్రాథమిక పాఠశాలల్లో జరిగిన ఒక ప్రయత్నం గురించి 2016లో పరిశోధకులు ప్రకటించారు. అక్కడ ముందుగా చేతులు కడుక్కునే చోటు కట్టారు. మరుగుదొడ్డి నుంచి అక్కడి దాకా బాట వేసి, దానికి రంగు పూశారు. బాట మీద అడుగుల గుర్తులు, చేతులు కడిగే చోట అరచేతుల గుర్తులు చిత్రించారు. ఉపన్యాసాలు లేవు, నినాదాలు లేవు. అంతకుముందు సబ్బుతో చేతులు కడుక్కునేవారు నూటికి నలుగురు. బొమ్మలు పూర్తయిన మర్నాడే వారు 68 మంది అయ్యారు. ఆరు వారాల తర్వాత చూస్తే 74 మంది. బొమ్మ చేసిన మేలు ఇది. అయితే ఆ అడుగుల చివర నీళ్లు, సబ్బు ఉన్నాయని మరవరాదు. అవి లేనిచోట ఎంత చక్కని అడుగులు వేసినా పిల్లవాడు ఉత్త చేతులతోనే తిరిగి వస్తాడు.

ఈ పద్ధతి మన పల్లెలకు బాగా నప్పుతుంది. కృష్ణాష్టమినాడు వాకిలి నుంచి దేవుడి గది దాకా చిన్ని పాదాలు వేసే ఇళ్లలో పెరిగిన పిల్లలకు అడుగుల గుర్తు అర్థం విడమరచి చెప్పనక్కరలేదు. కాకపోతే ఇది తొక్కే చోటు గనుక దేవుడి పాదాలు కాక, పిల్లల చెప్పుల జాడలు వేస్తే చాలు. అక్షరాలను సరస్వతిగా కొలిచే ఊళ్లలో మరుగుదొడ్డి లోపలి గోడల మీద అఆలు రాయించి పెద్దల మనసు నొప్పించనక్కరలేదు. అవి బయటి గోడకు ఉంచి, లోపల పూలు, పిట్టలు వేయవచ్చు. ఏది వేసినా పిల్లల కంటికి ఆనాలి. పెయింటరు తన ఎత్తున వేసిన బొమ్మ మూడున్నర అడుగుల పిల్లవాడికి కనబడదు.

గోడ సంగతి కూడా ముఖ్యమే. పైపు కారుతూ చెమ్మ దిగే గోడ మీద ఎంత ఖరీదైన రంగు వేసినా పెచ్చులుగా ఊడిపోతుంది. ముందు కారడం ఆపాలి, గోడ ఆరాలి. లోపల కింది భాగానికి నీళ్లతో కడిగినా పోని రంగు గాని, పలకలు గాని ఉండాలి. బొమ్మ చెరిగిపోతుందని గోడ కడగడం మానేస్తే అసలుకే మోసం. ఇళ్లకు, అలంకరణకు వాడే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచి అమలులో ఉంది. పిల్లలు తాకే గోడ కనుక డబ్బా మీద ఆ సంగతి చూసి కొనాలి.

అన్నిటికంటే ముఖ్యం ఆడపిల్లల ఇబ్బంది. తలుపుకు గడియ లేకపోతే, తొట్టిలో నీళ్లు లేకపోతే, మూత ఉన్న చెత్తబుట్ట లేకపోతే, ఎదిగిన పిల్ల నెలలో కొన్ని రోజులు ఇంటిదగ్గరే ఉండిపోతుంది. మరికొందరు మరుగుదొడ్డికి వెళ్లవలసి వస్తుందని పొద్దుటి నుంచి మంచినీళ్లు కూడా తాగరు. మూత్రం ఆపుకుని జబ్బు తెచ్చుకుంటారు. గోడ మీది నెమలి వీరికి ఏ సాయమూ చేయలేదు.

బాలబాలికలకు వేర్వేరు మరుగుదొడ్లు ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టమే చెబుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో అమ్మఒడి సొమ్ము నుంచి ఒక్కో తల్లికి వెయ్యి రూపాయల చొప్పున మరుగుదొడ్ల నిర్వహణకు మినహాయించారు. తల్లుల సొమ్ము చేరిన పనికి లెక్క అడిగే హక్కు తల్లులకు ఉంది. శుభ్రం చేసే ఆయాకు జీతం నెలనెలా అందేలా చూడవలసిన పూచీ అధికారులది. ఆ పని పిల్లల చేత, అందులోనూ పేదింటి పిల్లల చేత చేయించడం ఎంతమాత్రం తగదు.

కనుక సర్పంచులు, ప్రధానోపాధ్యాయులు, తల్లిదండ్రుల కమిటీలు పెయింటరును పిలిచే ముందు ఒకసారి స్వయంగా లోపలికి వెళ్లి చూడాలి. కుళాయి తిప్పాలి, గడియ వేసి చూడాలి, సబ్బు ఉందో లేదో కనుక్కోవాలి. ఇవి సరిచేసిన తర్వాత మిగిలిన డబ్బుతో అడుగులూ వేయించవచ్చు, చిలకలూ వేయించవచ్చు. అప్పుడు ఆ బొమ్మలు పిల్లలకు పనికివస్తాయి.