సూద్ లేదు సరే, ఆపా హిస్సాకు హిసాబ్ ఏది?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో కారోబార్ చేసే మన ఇళ్లల్లో ఒక మాట చాలాసార్లు విన్నాను: "బ్యాంకు డబ్బుకైతే సూద్ కట్టాలె. ఇంటి డబ్బుకు ఖర్చేముంది భాయ్?" ఇది పచ్చి అబద్ధం. దీని కింద ఎక్కువగా నలిగేది మన ఆపాలు, బెహన్‌లు. అబ్బా పోయాక వాళ్ల వరాసత్ హిస్సా దుకాణంలోనో మిల్లులోనో ఉండిపోతుంది. అడిగితే "సూద్ హరామ్ కదమ్మా, ఏమియ్యమంటవ్?" అంటారు.

హిసాబ్ చూద్దాం. కోటి రూపాయల రైస్ మిల్లు అనుకోండి. 40 లక్షలు బ్యాంకు అప్పు, వడ్డీ 10 శాతం. 60 లక్షలు ఇంటి డబ్బు. వడ్డీని ఖర్చు కింద చూపితే పన్ను తగ్గుతుంది. పన్ను 25 శాతం అయితే ఆ అప్పు అసలు ధర 7.5 శాతమే. మరి ఇంటి డబ్బు ధర? అంతే రిస్క్ ఉన్న ఇంకో కారోబార్‌లో పెడితే ఎంత నఫా ఆశించేవాళ్లమో, అదే. 15 శాతం అనుకుందాం. ఇప్పుడు ఎవరి వాటాను బట్టి వాళ్ల ధర కలపాలి. 0.40 × 7.5 = 3. 0.60 × 15 = 9. మొత్తం 12 శాతం. కంపెనీలు దీన్నే వెయిటెడ్ యావరేజ్ కాస్ట్ ఆఫ్ క్యాపిటల్ అంటాయి.

పన్ను పోను, వడ్డీ కట్టకముందు మిల్లు 8 లక్షలు తెచ్చిందనుకోండి. ఇంటి డబ్బు ముఫ్త్ అనుకునే భాయ్‌కి ఖర్చు 3 లక్షలే, 5 లక్షలు మిగిలాయని ఖుషీ. నిజానికి 12 లక్షలు రావాల్సిన చోట 8 వచ్చాయి. ఆ 4 లక్షల కొరత ఇంటి డబ్బు పెట్టినవాళ్ల మీదే పడింది. మిగిలిన 5 లక్షల్లోనూ ఆపాకు పైసా చేరకపోతే దాన్ని జుల్మ్ అనక ఏమంటారు?

"మేం బ్యాంకు మొహమే చూడం" అనేవాళ్లకూ ఇదే జవాబు. అప్పు తీసేస్తే రిస్క్ తగ్గి ఇంటి డబ్బు ధర 13 దాకా దిగొచ్చు. సున్నా మాత్రం కాదు.

15 శాతం ఖాయంగా ఇమ్మని నేననడం లేదు. ముందే ఖాయం చేస్తే అది సూదే. ముషారకాలో నఫాను ఒప్పుకున్న నిష్పత్తిలో, నుక్సాన్‌ను పెట్టిన డబ్బు మేరకు పంచుకోవాలి. 15 అనేది కారోబార్‌ను తూచే తరాజు.

ఇంకో మోసం పాత ధర. వాటాలను ఈరోజు బజార్ ధరతోనే లెక్కగట్టాలి. అబ్బా వేలల్లో కొన్న జాగా ఇవాళ లక్షల్లో ఉంటే, ఆపా హిస్సా కూడా లక్షల్లోనే.

సొంతదారుల డబ్బుకు ధర ఉందని పెద్ద కంపెనీలకు బాగా తెలుసు. మన మిర్యాలగూడ వైపు విష్ణుపురంలోని రాశి సిమెంట్‌నే యాద్ చేసుకోండి. 1998లో ఇండియా సిమెంట్స్ ఒక్కో షేర్‌కు 300 రూపాయలిస్తామని ఓపెన్ ఆఫర్ పెట్టింది. చివరికి రాశిని స్థాపించిన బి.వి. రాజు కూడా తన వాటా అమ్మేశారు. కంపెనీ చేతులు మారింది. షేర్ ఉన్నవాడు అమ్ముకొని పోగలడు. అందుకే అతని డబ్బుకు ధర కడతారు. ఆపాకు ఆ దారి లేదు. మైకా దూరమవుతుందనే డర్‌తో చుప్‌గా ఉంటుంది. ఆమె ఖామోషీని మనం ముఫ్త్ పెట్టుబడిగా రాసుకుంటున్నాం.

సూరా నిసా బేటీకి హిస్సా ఖాయం చేసింది. భాయ్ చేతిలో అది అమానత్. జకాత్ లెక్క కట్టేటప్పుడు పక్కన ఇంకో కాగితం పెట్టండి. ఎవరి డబ్బు ఎంత, ఈరోజు దాని ధర ఎంత, ఈ ఏటి నఫాలో వాళ్లకు చేరిందెంత? మూడో గడి ఖాళీగా ఉంటే, సూద్ తినలేదని తసల్లీ పడకండి. బెహన్ హఖ్ తిన్నారు.