యంత్రానికి రుణం, తీగకు పొదుపు

రెండు గేదెలతో పాడి మొదలుపెట్టిన కుటుంబం అయిదారు గేదెల వరకు ఎదిగినప్పుడు, పెరటిలోని పాక షెడ్డుగా మారుతుంది. చేతితో గడ్డి నరికే కత్తి స్థానంలో 2 హెచ్.పి. మోటారుతో నడిచే చాఫ్ కట్టరు వస్తుంది. ఈ మార్పు ఆహ్వానించదగినదే. అయితే రుణ దరఖాస్తుతో జతపరచే అంచనా పత్రంలో గేదెల ధర, షెడ్డు ఖర్చు, యంత్రం ధర కనిపిస్తాయి గాని, ఆ యంత్రానికి విద్యుత్తును చేరవేసే తీగ ఖర్చు చాలాసార్లు కనిపించదు. ఒకప్పుడు ఒక్క బల్బు వెలిగించడానికి ఇంటి నుండి లాగిన సన్నని తీగకే కొత్త యంత్రాన్ని కూడా తగిలిస్తారు. షెడ్డు వైరింగును అదనపు ఖర్చుగా కాక పెట్టుబడిలో భాగంగా లెక్కించాలనీ, అందుకు కూడా బ్యాంకు రుణం ఇవ్వాలనీ, వైరింగు పూర్తికానిదే యంత్రాన్ని నడపరాదనీ నా అభిప్రాయం.

ముందుగా లెక్క చూడండి. ఒక అశ్వశక్తి, అంటే 1 హెచ్.పి., 746 వాట్లకు సమానం. 2 హెచ్.పి. సింగిల్ ఫేజు మోటారు పూర్తి భారంతో నడిచేటప్పుడు, దానిలో జరిగే నష్టాలను కూడా కలుపుకుంటే, సుమారు 11 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. 60 వాట్ల బల్బు తీసుకునేది ఒక ఆంపియరులో నాలుగోవంతు. అనగా బల్బు కోసం వేసిన తీగపై 40 రెట్లకు మించిన భారం పడుతున్నదన్న మాట. మోటారు కదలడం ప్రారంభించే క్షణాలలో ఆ భారం మరి కొన్ని రెట్లు పెరుగుతుంది.

మీ మీటరు నుండి షెడ్డు 40 మీటర్ల దూరంలో ఉన్నదనుకుందాం. రాకపోకలు కలిపి 80 మీటర్ల తీగ అవుతుంది. అది 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగ అయితే, దాని నిరోధం దాదాపు 1.45 ఓములు. మోటారు నడుస్తున్నంతసేపూ 16 వోల్టులు తీగలోనే వేడిగా ఖర్చవుతాయి. ప్రారంభ సమయంలో ఈ నష్టం 50 వోల్టులు దాటవచ్చు. అప్పుడు మీటరు వద్ద 230 వోల్టులు ఉన్నప్పటికీ మోటారుకు అందేది 180 లోపే. మోటారు తిప్పే బలం వోల్టేజి వర్గాన్ని అనుసరించి తగ్గుతుంది గనుక, 180 వోల్టుల వద్ద ఆ బలం సుమారు 61 శాతానికి పడిపోతుంది. అదే దూరానికి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేస్తే, నడిచేటప్పటి నష్టం 4 వోల్టులు, ప్రారంభంలో 17 వోల్టుల ప్రాంతం.

బలం చాలని మోటారు మూలుగుతుంది గాని తిరగదు. అప్పుడు ఇంటిలోని వారెవరో చక్రానికి చేయి వేసి సాయం చేస్తారు. ఆ చక్రానికే కత్తులు బిగించి ఉన్నాయన్న సంగతి ఆ తొందరలో గుర్తుకు రాదు. చేతికి ప్రమాదం తప్పినా, మోటారు చుట్ట మాత్రం ఏదో ఒకనాడు కాలిపోతుంది. యంత్రం మంచిది కాదని రైతు, గ్రామంలో వోల్టేజి లేదని డీలరు అంటారు. వోల్టేజి తక్కువ ఉండే గ్రామాలు లేకపోలేదు. కాని వచ్చే వోల్టేజి తక్కువైనచోట దానిలో కొంత సన్నని తీగకు సమర్పించుకోవడం మరింత నష్టదాయకం కదా!

ఇక ప్రాణరక్షణ విషయం. ఫ్యూజు గాని, ఎం.సి.బి. గాని ఉన్నది కాబట్టి భయం లేదని చాలామంది భావిస్తారు. అవి కాపాడేది తీగను, మనిషిని కాదు. మనిషి గుండెను ఆపడానికి ఆంపియరులో కొద్ది వందవ వంతుల కరెంటు చాలు. 16 ఆంపియర్ల ఎం.సి.బి. దానిని గుర్తించనైనా గుర్తించదు. కారిపోయే కరెంటు 30 మిల్లీఆంపియర్లకు చేరేలోగానే సరఫరాను తెంచే ఆర్.సి.సి.బి. అనే సాధనం వేరుగా అమర్చుకోవాలి. నెలకొకసారి దాని పరీక్ష మీటను నొక్కి చూసుకోవాలి.

ఎర్తింగు కూడా అంతే ముఖ్యం. గొయ్యి తీసి, పైపు పాతి, బొగ్గు, ఉప్పు వేసిన ఎర్తింగుకు వేసవిలో నీరు పోయకపోతే నేల ఎండి నిరోధం పెరుగుతుంది. అది 20 ఓములకు చేరినదనుకోండి. యంత్రం ఒంటికి ఫేజు తగిలినప్పుడు భూమిలోకి పోయేది 11.5 ఆంపియర్లే. 16 ఆంపియర్ల ఎం.సి.బి. దానిని మామూలు భారంగానే భావించి ఊరుకుంటుంది, యంత్రం ఒంటిలో కరెంటు నిలిచే ఉంటుంది. న్యూట్రల్ తీగనే ఎర్తుగా కలపడం మరింత ప్రమాదకరం. న్యూట్రల్ తెగిన రోజున యంత్రమంతా ఫేజు అవుతుంది. ఇంటి నుండి షెడ్డుకు పోయే తీగను బట్టలారేసే ఇనుప దండేనికి ఆనించి లాగడం కూడా అటువంటిదే.

మూగజీవాల మాటా ఆలోచించండి. పశువు ముందు కాళ్లకూ వెనుక కాళ్లకూ మధ్య దూరం ఎక్కువ. తడి నేలలోకి కరెంటు కారినప్పుడు ఆ కాళ్ల మధ్య వోల్టేజి భేదం ఏర్పడి, కరెంటు గుండె మీదుగా ప్రవహిస్తుంది. మనిషికి జిల్లుమనిపించిన చోటనే గేదె కూలిపోవచ్చు. కొద్దిగా కారినా పశువు నీటి తొట్టి వద్దకు రావడానికి జంకుతుంది, పాలు సరిగా చేపదు. కారణం తెలియక మీరు దాణాను మారుస్తూ ఉంటారు.

చిన్న రైతుపై మరింత అప్పు మోపడం న్యాయమా అని మీరు అడగవచ్చు. అడగదగిన ప్రశ్నే. కేబులు, స్టార్టరు, ఆర్.సి.సి.బి., ఎర్తింగు, కూలి కలిపి 10,000 రూపాయలు అదనంగా తీసుకున్నారనుకుందాం. వడ్డీ 10 శాతం, గడువు 5 సంవత్సరాలు అయితే నెల వాయిదా సుమారు 212 రూపాయలు పెరుగుతుంది. పాలు లీటరుకు 40 రూపాయలు పలికినా, అది నెలకు అయిదున్నర లీటర్లకు లోపే. గేదె పోయినా, మోటారు కాలినా వాయిదా ఆగదన్న విషయాన్ని దీని పక్కన పెట్టి చూడండి. పాడితో సహా వ్యవసాయ అనుబంధ వృత్తులకు ఒక్కొక్క రుణగ్రహీతకు 2 లక్షల రూపాయల వరకు హామీ ఆస్తి, మార్జిను అడగరాదని రిజర్వు బ్యాంకు 2025 జనవరి 1 నుండి అమలులోకి తెచ్చిన నిబంధన కూడా ఉన్నది. కావున ఈ ఖర్చును దాచుకోవలసిన అవసరం లేదు. అంచనాలో ధైర్యంగా చూపండి.

డీలర్లకు ఒక విన్నపం. ప్లగ్గు పెడితే చాలు, నడుస్తుందని చెప్పి యంత్రాన్ని అమ్మకండి. మీ కొటేషనులో యంత్రం ధర కింద మరి మూడు వరుసలు చేర్చండి: దూరాన్ని బట్టి కావలసిన కేబులు పరిమాణం, స్టార్టరు మరియు ఆర్.సి.సి.బి., ఎర్తింగు. ధర పెరిగితే బేరం పోతుందన్న భయం సహజం. కాని మోటారు కాలిన ఇంటికి పొరుగువాడు మరో యంత్రం కొనడానికి మీ వద్దకు రాడు.

రైతులు చేయవలసినది మరొకటి ఉన్నది. యంత్రం కొనకముందే మీ మీటరుకు మంజూరైన లోడు ఎంతో, షెడ్డు వినియోగం ఏ వర్గంలోకి వస్తుందో విద్యుత్ సెక్షన్ కార్యాలయంలో తెలుసుకోండి. అవసరమైతే లోడు పెంచుకోండి. ఒక అవసరానికి ఇచ్చిన సర్వీసును మరొక అవసరానికి వాడితే, 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షను ప్రకారం వర్తించే ధరకు రెండు రెట్లు వసూలు చేస్తారు. పని మాత్రం లైసెన్సు ఉన్న కాంట్రాక్టరుకే అప్పగించి, పరీక్షించినట్లు కాగితం తీసుకోండి.

బ్యాంకులమైన మేము కూడా తనిఖీకి వచ్చినప్పుడు గేదెల చెవి పోగులను లెక్కించి, యంత్రం నంబరు రాసుకొని వెళ్లిపోవడం చాలదు. మీటరు నుండి మోటారు వరకు తీగ వెంట నడిచి చూడాలి. ఆ పరీక్ష కాగితం ఫైలులో చేరిన తరువాతనే యంత్రం తాలూకు చివరి విడతను విడుదల చేయాలి. ఇది రైతును ఇబ్బంది పెట్టే నిబంధన కాదు. రుణం తీరేవరకు ఆ యంత్రం నడవాలన్నా, ఆ షెడ్డులో తెల్లవారుజామున తడి కాళ్లతో పాలు పిండే ఇల్లాలు క్షేమంగా ఇంటిలోకి రావాలన్నా, అన్నిటికంటె ముందు సరిచూడవలసినది ఆ తీగనే.