తాతగారి లెక్కల పుస్తకము

మొన్నటి ఆడికృత్తికకు ముందు మన తిరుత్తణిలో వృద్ధులొకరు కాలధర్మము చెందిరి. పెరంబూరు రైలుపెట్టెల కర్మాగారములో వెల్డరుగా పనిచేసి విశ్రాంతి పొందినవారు. పరామర్శకు వెళ్ళిన మా చేతికి ఇంటివారు ఒక లెక్కల పుస్తకమిచ్చి, చదివి చెప్పుడని కోరిరి. బిడ్డల బడి జీతములు, కుమార్తె పెండ్లి అప్పు, భార్య కట్టిన చీటీ, కావడి మ్రొక్కునకు వచ్చిన బంధువులకైన బియ్యము, అంతయు తెలుగున నున్నది. ఇంట చదువగలవారు లేరు.

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లానుండి మదరాసు రాష్ట్రములో కలిసినపుడు ఆయన తెలుగుబడి బాలుడు. పిమ్మట, తెల్లవారక మునుపే రైలెక్కి రాత్రికి ఇల్లు చేరువానికి బిడ్డలచేత అక్షరములు దిద్దించు తీరిక ఎక్కడిది? మనుమలు తమిళమున చక్కగా చదువుకొనుచున్నారు. అది మాకును సంతోషమే. తాత వ్రాసినది వారికి అందకపోవుటయే మా బాధ.

ఇది సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు 1888లో జన్మించిన ఊరు. ఏటేట సెప్టెంబరు 5న ఉపన్యాసములకు లోటు లేదు (మేమును ఇచ్చితిమి). రైలుపెట్టెలు అతికినవారిని గూర్చి మన సంచికలో ఒక పుటయైన లేదు. తొమ్మిదవ తరగతి విద్యార్థులు తమ ఇంటి పెద్దలకడ కూర్చుండి, వారి పని, జీతము, అప్పు, ఇల్లాలు పడిన శ్రమ వారి మాటలలోనే వ్రాసికొని రావలెను. అందుకు వ్యాసరచన మార్కులు ఈయవలెనని మా అభిప్రాయము. ఆవునుగూర్చిన వ్యాసము ఒక యేడు ఆగవచ్చును.

ఆ పుస్తకపు చివరి పుటలో అంగడికి ఈయవలసిన 40 రూపాయలున్నవి. మేము చదివినంతనే ఆయన భార్య కొంగుముడి విప్పి, మనుమని అంగడికి పంపినది.