వరద వేళ రైతుకు కబురు చేరాలంటే

2022 జూలై 16న భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. 2024 సెప్టెంబరు 1న మున్నేరు ఖమ్మం కాలనీలను ముంచెత్తింది. తల్లాడ వంటి అటవీ సరిహద్దు మండలాలు ఈ రెండు అనుభవాలనూ గమనించాలి.

గోదావరికి 43, 48, 53 అడుగుల వద్ద మూడు ప్రమాద హెచ్చరికలున్నాయి. వాగులు అంత వ్యవధినివ్వవు. కొద్ది గంటల్లోనే రైతు మోటారును ఒడ్డుకు చేర్చాలి, పశువులను మెరకకు తోలాలి. సరిగ్గా అప్పుడే విద్యుత్తు నిలిచిపోతుంది. దారులు తెగితే టవరు జనరేటరుకు డీజిలు అందదు. కేబుల్ తెగితే విద్యుత్తున్నా టవరు మూగబోతుంది. సెల్ బ్రాడ్‌కాస్ట్ హెచ్చరిక సైతం టవరు పనిచేసినంతవరకే చేరుతుంది.

కనుక ఒకే మార్గాన్ని నమ్ముకోరాదు. తెలంగాణలో ఐదు వేల ఎకరాలకొకటి చొప్పున నిర్మించిన రైతు వేదికలలో సౌర విద్యుత్తుతో నడిచే వి.హెచ్.ఎఫ్. వైర్‌లెస్ సెట్టును, మైకును ఉంచాలి. గుట్టలు అడ్డుపడే చోట రిపీటరు నెలకొల్పాలి. ఒక సంస్థ టవరు ఆగితే మరొక సంస్థ టవరు ద్వారా మాట్లాడే రోమింగ్ సదుపాయాన్ని వరదకు ముందే సిద్ధపరచాలి. చివరి అంచెగా గ్రామంలో దండోరా ఉండనే ఉన్నది. వ్యవసాయ విస్తరణాధికారి ఏటా మృగశిర కార్తెకు ముందే వీటన్నిటినీ ఒకసారి పరీక్షించి చూడటం అవసరం.